డ్రిల్లు, ఆట, పిల్లవాడి చెయ్యి

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో పిల్లల ఆటలకు ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. నా జవాబు సూటిగానే చెబుతాను. మనిషి చెయ్యి ఎలా తయారైందన్నది సంస్కృతికి సంబంధించిన ప్రశ్న. వానరుడు నరుడుగా మారటంలో శ్రమ పాత్ర గురించి ఎంగెల్స్ 1876లో రాసిన వ్యాసం మనలో చాలామంది చదివినదే. చెయ్యి పనిచేసే అవయవం మాత్రమే కాదు, పనివల్ల రూపుదిద్దుకున్న అవయవం కూడా అన్నది అందులోని సారం. అది మానవజాతి మొత్తానికి వర్తించే మాట. ఒక్కొక్క పిల్లవాడి విషయంలో మాత్రం పనికంటే ముందు ఆట వస్తుంది. పరుగు, గెంతు, విసురు, పట్టు, నిలకడ - వీటన్నిటినీ పిల్లలు ఆటలోనే నేర్చుకుంటారు. ఆ ఆటను ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, దాని స్థానంలో ఏం పెట్టారు అన్నది చరిత్ర.

నేను చాలాకాలం బళ్ళలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం జూబ్లీహిల్స్, ఫిలింనగర్ చుట్టుపక్కలే గడిచింది. పిల్లలు నన్ను 'డ్రిల్లు సార్' అనేవారు. ఆ పేరులోనే నూరేళ్ళ పైబడిన చరిత్ర దాగివుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ చరిత్రనే ఇక్కడ నాకు అర్థమైనంతమేరకు విప్పి చెప్పే ప్రయత్నం చేస్తాను.

1. బ్యారక్సు నుంచి బడికి

డ్రిల్లు బడిలో పుట్టలేదు, సైనిక శిబిరంలో పుట్టింది. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిషు ప్రభుత్వానికి ఒక చేదు నిజం తెలిసివచ్చింది. సైన్యంలో చేరడానికి వచ్చిన కార్మిక యువకుల్లో చాలామంది శారీరకంగా పనికిరారని తేలింది. మురికివాడలూ, ఫ్యాక్టరీలూ, చాలీచాలని తిండీ వాళ్ళ ఎముకల్ని తినేశాయి. దీనికి పాలకవర్గం వెంటనే కనిపెట్టిన మందు తిండి కాదు, డ్రిల్లు. 1902లో సైనిక కసరత్తుల నమూనాలో బళ్ళకోసం ఒక శిక్షణక్రమం తయారుచేశారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు కూడా సిపాయిలా కాలు కదపాలి. విమర్శలు పెల్లుబికాక 1904లో దాని స్థానంలో మరో పాఠ్యక్రమం తెచ్చారు. చిన్నపిల్లలకు కసరత్తుకంటే ఆటే ముఖ్యమని అధికార పత్రాల్లో గట్టిగా చోటు దొరకడానికి 1919 దాకా పట్టింది.

వలస దేశాలకు ముందు వచ్చింది ఆట కాదు, డ్రిల్లే. పాలించేవాడికి కావలసింది మాట వినే శరీరం. 'అటెన్షన్', 'స్టాండ్ ఎటీజ్' అనే మాటలు మన ఊరి బడుల్లో అర్థం తెలియకుండానే నోటికి వచ్చాయి. వరసలో నిలబడటం, ఒక్కసారిగా చేతులు ఎత్తటం, ఒక్కసారిగా దించటం. ఇందులో కండరానికి కొంత పని వున్న మాట నిజమే. కాని ఆలోచన అంతా ఈల వూదేవాడిది, కదలిక మాత్రం పిల్లవాడిది. ఈ విభజన మనకు వేరేచోట్ల కూడా బాగా పరిచయమైనదే.

అయితే మన వాళ్ళు ఆ శిక్షణను తలవంచి మాత్రమే తీసుకున్నారనుకుంటే పొరపాటు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశాడు. తరువాత సర్కసు పెట్టి, రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకుని దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. బానిసజాతి బలహీనజాతి అన్న దొరల మాటకు ఆయన ఛాతీ ఒక జవాబు. అయితే ఒక్క మల్లుని ఛాతీ బడిపిల్లలందరికీ జవాబు కాలేదు. వీరుణ్ణి చూసి చప్పట్లు కొట్టటం వేరు, ప్రతి పిల్లవాడికీ తన శరీరంమీద తనకు పట్టు రావటం వేరు.

1920లో హారీ క్రో బక్ అనే అమెరికను మద్రాసు వై.ఎం.సి.ఎ.లో వ్యాయామ విద్యా కళాశాల నెలకొల్పాడు. అక్కడినుంచి బయటికి వచ్చినవారితో డ్రిల్లు పక్కన ఆటలు కూడా బడుల్లోకి కొంత వచ్చాయి. నిజాం రాజ్యంలో, హైదరాబాదులో, ఫుట్‌బాలుకూ హాకీకీ మంచి ఆదరణే వుండేది. కాని ఆ ఆటలు పోటీ జట్లకు ఎంపికైన పదకొండుమందికి దక్కాయి. మిగిలిన నాలుగువందలమందికి డ్రిల్లే దక్కింది.

స్వాతంత్ర్యం వచ్చింది. 1954లో 'జాతీయ క్రమశిక్షణ పథకం' వచ్చింది. దేశవిభజనలో చెల్లాచెదరైన పిల్లలకోసం ఢిల్లీలో మొదలైన ఆ పథకం వెనక మంచి ఉద్దేశమే వుంది, కాదనను. కాని పేరులో వున్న మాట గమనించండి: ఆనందం కాదు, ఆరోగ్యం కాదు, క్రమశిక్షణ. దొర పోయినా ఈల పోలేదు.

2. మన వీధిలో వున్న బడి

ఇదే కాలంలో బడి గోడ బయట ఇంకొక బడి నడుస్తూనే వుంది. దానికి మాస్టారు లేడు, గంట లేదు. సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడినప్పుడు రాజుల యుద్ధాలకు అలవాటుపడిన పాఠకులకు అందులో వింతగా తోచినవాటిలో ఆటల ప్రస్తావన ఒకటి. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు అన్నదానితోపాటు ఏం ఆడారు అన్నది కూడా చరిత్రేనని ఆయన పట్టుబట్టారు. 'హంసవింశతి' వంటి కావ్యాలను ఆయన శృంగారంకోసం వెదకలేదు, జనజీవితంకోసం వెదికారు. పిల్లల ఆటల పేర్లు అక్కడ కుప్పలుగా దొరికాయి. సాహిత్యాన్ని ఎలా చదవాలో నేర్పిన పద్ధతి అది.

ఈ ఆటలను ఒక వ్యాయామోపాధ్యాయుడి కంటితో చూడండి. తొక్కుడుబిళ్ళలో పిల్ల బిళ్ళను గురి చూసి గడిలో వేయాలి, ఒంటికాలిమీద గెంతాలి, గీత తొక్కకుండా వెనుదిరగాలి, వంగి బిళ్ళ తీయాలి. ఒంటి నిలకడకు ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ విదేశీ పుస్తకంలోనూ కనిపించలేదు. కచ్చకాయల్లో పైకి ఎగరేసిన కాయ కిందికి వచ్చేలోగా నేలమీది కాయల్ని ఏరాలి. కంటికీ చేతికీ మధ్య వుండే లంకె అక్కడ క్షణంలో సగం వ్యవధిలో పరీక్షకు నిలబడుతుంది. గోళీలాటలో వేలికొస పనిచేస్తుంది, రేపు కలం పట్టేది ఆ వేళ్ళే. కర్రాబిళ్ళలో - తెలంగాణలో దీన్నే చిర్రగోనె అంటాం - లేచిన బిళ్ళను గాలిలో కొట్టాలి. ఏడు పెంకులాటలో విసరటం, తప్పుకోవటం, తరుముతున్నవాడి బంతి వీపున పడేలోగా చెయ్యి వణక్కుండా పెంకుమీద పెంకు పేర్చటం అన్నీ వున్నాయి. చెడుగుడులో ఊపిరి, అడుగు, ఎదుటి ఏడుగురి కళ్ళు ఒకేసారి లెక్కలోకి వస్తాయి.

వెనకటి కాలాన్ని బంగారుకాలం చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ వీధి కూడా కులాన్నిబట్టి విడిపోయిన వీధే. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే తొక్కుడుబిళ్ళ ఆగిపోయేది, వామనగుంటలు మిగిలేవి. అంటే గెంతే ఆట పోయి కూర్చునే ఆట మిగిలేది. పాలేరు పిల్లవాడి చేతిలో వడిసెల గొప్పగా తిరిగేది, కాని అది ఆట కాదు, దొర చేనుకు కాపలా. కనుక మన ఆటల్ని గౌరవించటమంటే ఆ సమాజాన్ని వెనక్కి పిలవటం కాదు. వాటిలోని జ్ఞానాన్ని ఆ గోడల్లోంచి విడిపించి పిల్లలందరికీ ఇవ్వటం.

3. సుత్తి చెప్పిన రహస్యం

ఆటలో వున్నదీ డ్రిల్లులో లేనిదీ ఏమిటి? దీనికి శాస్త్రీయమైన జవాబు మాస్కోనుంచి వచ్చింది. ఆ కథ మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుందనుకుంటాను, ఎందుకంటే అందులో ఒక కవి కూడా వున్నాడు.

విప్లవం తరువాత 1920లో మాస్కోలో కేంద్ర శ్రమసంస్థ ఏర్పడింది. దాని అధిపతి అలెక్సీ గాస్టెవ్, లోహకార్మికుడు, యంత్రాన్ని కీర్తించిన కవి. పనివాడి కదలికను ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కను కచ్చితంగా అలవాటు చేయిస్తే కొత్త కార్మికులు త్వరగా తయారవుతారని ఆయన నమ్మకం. అంటే ఒకరకమైన డ్రిల్లే. ఆయన ఉద్దేశం ఉత్తమమైనది, పద్ధతి మాత్రం అమెరికన్ టేలర్‌కు దగ్గరిది.

1922లో ఆ సంస్థలో చేరిన నికొలాయ్ బెర్న్‌స్టయిన్ అనే యువ శాస్త్రజ్ఞుడు అనుభవజ్ఞులైన కార్మికులు ఉలిమీద సుత్తి కొట్టే తీరును పరిశీలించాడు. భుజానికీ మోచేతికీ మణికట్టుకూ చిన్న దీపాలు కట్టి వరసగా ఛాయాచిత్రాలు తీశాడు. తెలుగు సినిమా రాజధానిలో బతుకుతున్న మనకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఒక దెబ్బను ఫ్రేములుగా విడదీసి చూశాడన్నమాట. తేలిందేమిటంటే, నేర్పరి ఏ రెండు దెబ్బల్లోనూ కీళ్ళు ఒకే దారిలో నడవలేదు. భుజం కొంచెం మారితే మోచెయ్యి దాన్ని సర్దుకుంది. సుత్తి మొన మాత్రం పడవలసినచోట పడింది. అంటే నేర్పు అన్నది ఒకే కదలికను అచ్చుగుద్దటంలో లేదు. ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించటంలో వుంది. అభ్యాసమంటే పునరావృత్తి లేని పునరావృత్తి అని ఆయన తరువాత దానికి పేరు పెట్టాడు.

చరిత్ర ఈ ఇద్దరిపట్లా దయ చూపలేదు. గాస్టెవ్‌ను 1939లో కాల్చి చంపారు. 1948లో రాజ్య బహుమతి అందుకున్న బెర్న్‌స్టయిన్, పావ్‌లోవ్ పేరు చెప్పుకుని సాగిన దాడిలో కొద్దికాలానికే ప్రయోగశాలను పోగొట్టుకున్నాడు. అభ్యుదయం పేరుతో జరిగిన ఈ అన్యాయాల్ని మనం దాచిపెట్టనక్కర్లేదు. ఆయన 1966లో మరణించాడు. నేడు ప్రపంచమంతటా పిల్లల చలన నైపుణ్యాలను చదివేవారు ఆయన్ను చదవకుండా ముందుకు పోలేరు.

ఇప్పుడు తొక్కుడుబిళ్ళకు తిరిగి రండి. బిళ్ళ ఏ రెండుసార్లూ ఒకేచోట పడదు. ఏడు పెంకుల్లో బంతి ఏ రెండుసార్లూ ఒకే దిక్కునుంచి రాదు. ఆట అంతా పునరావృత్తి లేని పునరావృత్తే. డ్రిల్లులో పదిసార్లు చేతులెత్తిన పిల్లవాడు చేతులెత్తటమే నేర్చుకుంటాడు. ఆటలో పదిసార్లు తప్పిపోయిన పిల్లవాడు తన శరీరాన్ని నడుపుకోవటం నేర్చుకుంటాడు.

4. చాదర్‌ఘాట్ మాస్టారు

ఇది పుస్తకాల మాట కాదనటానికి హైదరాబాదులోనే ఒక రుజువు వుంది. సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) పేరు కొత్తతరానికి 2024లో విడుదలైన 'మైదాన్' అనే హిందీ సినిమా ద్వారా తెలిసింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణపతకాలు గెలిచినప్పుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగోస్థానం పొందినప్పుడూ ఆ జట్టుకు శిక్షకుడు ఆయనే. ఆయన ఉస్మానియాలో చదువుకుని, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పాఠం చెప్పి, వ్యాయామవిద్యలో డిప్లొమా తీసుకుని బడిపిల్లల ఆటలు చూసుకున్న ఉపాధ్యాయుడు. మొదట మాస్టారు, తరువాతే శిక్షకుడు.

ఆయన హైదరాబాదులో కొన్ని వింత పోటీలు పెట్టించాడు. ఒకదానిలో బంతిని కాలితో నడిపించుకుపోవటం నిషిద్ధం. అందిన బంతిని వెంటనే మరొకరికి అందించాల్సిందే. ఇంకొకదానిలో బలహీనమైన కాలితోనే తన్నాలి. ఇందులోని మర్మం చూడండి. ఆయన కుర్రవాళ్ళను వరసలో నిలబెట్టి ఎడమకాలితో వందసార్లు తన్నమనలేదు. ఆట నియమాన్ని మార్చాడు. మిగతాది ఆటే చేసింది. మాస్కోలో బెర్న్‌స్టయిన్ దీపాల వెలుగులో కనుక్కున్నదాన్ని ఈ హైదరాబాదీ మాస్టారు మట్టి మైదానంలో తన దారిన తాను కనుక్కున్నాడు.

అప్పుడు మైదానం వుంది. ఇప్పుడు దాని సంగతికే వస్తున్నాను.

5. కొండమీద గోడలు

జూబ్లీహిల్స్ నల్లరాతి గుట్టల నేల. 1960ల నుంచి సహకార గృహనిర్మాణ సంఘం పేరున ఇక్కడ స్థలాలు వెలిశాయి. మద్రాసులో వున్న తెలుగు సినిమా మెల్లమెల్లగా ఇటు తరలింది. 1976లో దగ్గరలోనే అన్నపూర్ణా స్టూడియో వచ్చింది; తరువాత ఇతర స్టూడియోలు, ఫిలింనగర్ వచ్చాయి. గుట్టలు పగలగొట్టినవారు, గోడలు లేపినవారు, లైట్లు మోసినవారు, సెట్లు కొట్టే వడ్రంగులు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు ఆ గుట్టల వాలుల్లో, కృష్ణానగర్ గదుల్లో సర్దుకున్నారు. తెరమీద హీరో దూకిన దూకుడు చాలాసార్లు ఈ గదుల్లోంచి వచ్చిన డూపుదే. శరీర నైపుణ్యం అమ్ముకుని బతికేవాళ్ళు ఇంతమంది ఒక్కచోట వున్న పేట మన రాష్ట్రంలో ఇంకొకటి వుండదేమో. వాళ్ళ పిల్లలకు ఆడుకునే చోటు లేకపోవటాన్ని ఏమనాలి?

గుట్టమీద క్లబ్బులున్నాయి, అవి సభ్యులకు. 1998లో చిరాన్ కోట ఆవరణ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనమైంది. చెట్లకూ నెమళ్ళకూ అది మేలే, కాని అక్కడ నడవవచ్చు, బంతి ఆడకూడదు. బడుల సంగతి చూస్తే, నేను పనిచేసిన ఒక బడిలో ఆటస్థలం సగం కొత్త గదులకు పోయింది, మిగతా సగం బస్సులు ఆపటానికి పోయింది. వ్యాయామం పీరియడు టైంటేబులులో అలాగే వుంది; పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు తీసుకునేవారు. పిల్లల్ని మళ్ళీ డ్రిల్లుకే తెచ్చాను, ఎందుకంటే డ్రిల్లుకు చోటు అక్కర్లేదు. చోటు లేనిచోట ఆట చచ్చి డ్రిల్లు బతుకుతుందని నాకు అప్పుడు తెలిసింది.

నా కళ్ళు చూసినది మాత్రమే చెబుతాను, ఇది పరిశోధన లెక్క కాదు. బస్తీ పిల్లలు ఇరుకు మెట్లమీద, బండలమీద పెరిగినవాళ్ళు. నిలకడ, తప్పుకోవటం వాళ్ళకు పుట్టుకతో వచ్చినట్టుండేవి. కాని దూరంగా విసరటం, దూరంనుంచి వచ్చే బంతిని పట్టటం రాదు. అంత దూరం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. పెద్దిళ్ళ పిల్లల్లో కొందరికి ఏడేళ్ళకే టెన్నిసు కోచింగు వుండేది. రాకెట్టు చక్కగా తిప్పేవారు. రెండడుగుల గోడమీంచి దూకమంటే జంకేవారు. ఒకరికి చోటు లేదు, ఒకరికి స్వేచ్ఛ లేదు. ఇద్దరి శరీరాలూ సగంసగమే ఎదిగాయి.

ఆ మిగిలిన జానెడు చోటులో ఒక సంవత్సరం ఏడు పెంకులాటను కొంచెం మార్చి ఆడించాను. ఒకరోజు ఎడమచేతితో విసరాలి. ఒకరోజు పెంకుల బదులు చెక్కముక్కలు. ఒకరోజు ఒంటికాలిమీద నిలబడే పేర్చాలి. బంతి వస్తే కళ్ళు మూసుకునే అమ్మాయి ఒకతె వుండేది. తండ్రి స్టూడియోలో లైట్లు మోసేవాడు. ఆమెకోసం గుడ్డపేలికలతో బంతి చుట్టాం. తగిలినా నొప్పిలేదని తెలిశాక కళ్ళు తెరిచింది. తరువాత రబ్బరు బంతి, తరువాత టెన్నిసు బంతి. దసరా సెలవుల నాటికి అవతలి జట్టు ఆమెను చూసి దూరం జరగసాగింది. ఆమె ఏ పతకమూ గెలవలేదు. పతకాలకోసం చేసిన పని కాదది.

6. చట్టం చెప్పినదీ, జరుగుతున్నదీ

2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో బడికి ఆటస్థలం వుండాలనీ, ప్రతి తరగతికీ ఆటసామగ్రి ఇవ్వాలనీ వుంది. 2019 నుంచి ఖేలో ఇండియా కింద అయిదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఒంటికాలి నిలకడ, చేతి వేగం పరీక్షిస్తున్నారు. మంచిదే. అయితే తొక్కుడుబిళ్ళ గీయటానికి నేల ఇవ్వకుండా ఒంటికాలి నిలకడకు మార్కులు వేయటమేమిటి? పిల్లలకు రోజుకు కనీసం గంట చురుకైన కదలిక వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 146 దేశాల లెక్కలు కలిపి చూసిన ఒక అధ్యయనంలో, 2016 నాటికి 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి 81 మంది ఆ మేరకు కూడా కదలటం లేదని తేలింది. దీనికి ఫోనుల్నీ తెరల్నీ తిట్టి ఊరుకోవటం తేలిక. తెర ముందు కూర్చున్న పిల్లవాణ్ణి లేపితే అతడు ఎక్కడికి పోవాలో కూడా మనమే చెప్పాలి.

కనుక నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆటస్థలం కాగితంమీద కాక నేలమీద వున్నదో లేదో బడిబడికీ వెళ్ళి కొలవాలి. చోటులేని బడికి పక్కనున్న ప్రభుత్వస్థలాన్ని రోజుకు రెండు గంటలు అప్పగించాలి. వ్యాయామం పీరియడును వేరే పాఠానికి వాడుకోరాదు. ప్రాథమిక తరగతుల్లో కసరత్తుకంటే ముందు ఆట, ఆటలో అందరికీ వంతు, ఆడపిల్లకు సమానమైన వంతు. వ్యాయామోపాధ్యాయులకు ఇచ్చే శిక్షణలో పోటీ జట్లను తయారుచేయటం ఎంత నేర్పుతారో, ఆట నియమాన్ని మార్చి వెనకబడిన పిల్లను ముందుకు తేవటం అంత నేర్పాలి.

రచయితలను కోరేది కూడా ఒకటుంది. మన కథల్లో, సినిమాల్లో డ్రిల్లు మాస్టారంటే ఈలా, పొట్టా, నవ్వూ. ఆ మనిషి నిలబడివున్న నేల ఎవరిది, ఎంత మిగిలింది అని ఒక్క కథైనా అడిగితే బాగుంటుంది. ప్రతాపరెడ్డిగారు కావ్యాల్లో ఆటల్ని వెదికి తీసినట్టు, రేపు ఎవరైనా మన కాలపు రచనల్లో పిల్లలు ఏం ఆడారని వెదికితే కోచింగు సెంటరు బోర్డులు తప్ప ఏమీ దొరకని స్థితి రాకూడదు. ఫిలింనగర్ వాలుల్లో పిల్లలు ఇప్పటికీ బొగ్గుముక్కతో గడులు గీస్తున్నారు. బండి వస్తే లేచి పక్కకు తప్పుకుంటారు, పోయాక మళ్ళీ గీస్తారు. ఆ గీతలు ఎన్నాళ్ళు నిలుస్తాయన్నది వాళ్ళ చేతుల్లో లేదు, పెద్దలైన మన చేతుల్లో వుంది.